రెండు డిస్కులు – రెండున్నర కోట్ల మంది వివరాలు

సంస్థ రహస్యాలు బయటకు పొక్కాయనగానే మనకు ముందుగా హ్యాకర్లు, ఫైర్‌వాల్‌లు గుర్తుకొస్తాయి. కానీ ఏ దొంగా చొరబడకుండానే సమాచారం చేజారిపోవచ్చు. బ్రిటన్‌లో 2007లో జరిగిన సంఘటనే ఇందుకు ఉదాహరణ.

పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ వ్యవహారాలను అక్కడ హెచ్.ఎమ్.ఆర్.సి. అనే పన్నుల శాఖ చూస్తుంది. తనిఖీ కోసం నేషనల్ ఆడిట్ ఆఫీసు ఆ వివరాలు కోరింది. బ్యాంకు ఖాతాల సంగతులు తమకు అక్కర్లేదని, వాటిని తీసేసి పంపమని ముందే చెప్పింది కూడా. అలా వడపోయడానికి అదనపు ఖర్చవుతుందని పన్నుల శాఖ మొత్తం డేటానే కాపీ చేసింది. అక్టోబరు 18న రెండు డిస్కులు, రిజిస్టరైనా చేయకుండా, కొరియర్‌లో లండన్‌కు బయలుదేరాయి. చేరలేదు. వాటికి పాస్‌వర్డ్ ఉంది కానీ ఎన్‌క్రిప్షన్ లేదు.

అందులో ఉన్నవి 72.5 లక్షల కుటుంబాలకు చెందిన రెండున్నర కోట్ల మంది పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, బ్యాంకు వివరాలు! నవంబరు 20న ఆర్థికమంత్రి ఆలిస్టర్ డార్లింగ్ ఈ సంగతి పార్లమెంటులో ప్రకటించారు. శాఖాధిపతి పాల్ గ్రే రాజీనామా చేశారు. తప్పు ఒక చిన్న ఉద్యోగిదని మొదట అనుకున్నా, 2008లో వచ్చిన పాయింటర్ నివేదిక సంస్థ పద్ధతుల్లోని లోపాలనే ఎత్తి చూపింది.

డేటా గవర్నెన్స్ అంటే ఈ పద్ధతులే. ప్రతి సంస్థా తన సమాచారం గురించి ఈ ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టుకోవాలి:

1. ఈ డేటాకు బాధ్యులెవరు? కాపీ ఇవ్వడానికి ఎవరి అనుమతి కావాలి?
2. ఇది ఎంత సున్నితమైనది? అందరూ చూడదగినదా, కొందరికే పరిమితమా?
3. అడిగినవారికి నిజంగా కావలసిందెంత? అంతకు మించి ఎందుకివ్వాలి?
4. ఏ దారిన పంపాలి? ఎన్నాళ్లు ఉంచాలి? ఎప్పుడు చెరిపేయాలి?

పై సంఘటనలో మూడో ప్రశ్న ఒక్కటి గట్టిగా వేసుకున్నా, డిస్కులు పోయినా బ్యాంకు వివరాలు పోయేవి కావు.

ఇది మన రోజువారీ పనికీ వర్తిస్తుంది. ఇక్కడి ప్రొడక్షన్ డేటాబేసును టెస్టింగ్ కోసం హైదరాబాదు టీముకు యథాతథంగా కాపీ చేసి ఇవ్వడం తేలికే. మాస్కింగ్ చేసి, పేర్లు, ఖాతా నంబర్లు మార్చి ఇవ్వాలంటే రెండు రోజులు ఎక్కువ పడుతుంది. "డెడ్‌లైన్ దగ్గర పడింది, ఈసారికి ఇచ్చేద్దాం" అన్నప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

ఇప్పుడు చట్టాలు కూడా గట్టిపడ్డాయి. 2018లో అమలులోకి వచ్చిన యూరప్ జీడీపీఆర్ ప్రకారం జరిమానా సంస్థ ప్రపంచవ్యాప్త వార్షికాదాయంలో 4 శాతం దాకా ఉండవచ్చు. భారతదేశం 2023లో చేసిన చట్టంలో గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. వాటి ముందు రెండు రోజుల పని ఏపాటిది?

ఈ వారం మీ ప్రాజెక్టు టెస్ట్ సర్వరులో ఉన్నది ఎవరి వివరాలో ఒకసారి చూడండి. అవి నిజమైన మనుషులవైతే, అవి అక్కడికి చేరడానికి అనుమతి ఎవరిచ్చారో కనుక్కోండి.