జాజ్ పాట నుండి ఆపెరాకు: రెనే ఫ్లెమింగ్

ఆడపిల్లకు సంగీతం చెప్పించే ఇళ్లలో తరచు ఒక తగవు వస్తూంటుంది. సినిమా పాటలు పాడితే శాస్త్రీయం చెడుతుందని తల్లి అంటుంది. రెండూ పాడనివ్వండి, ఏం పోయింది అని మేనమామ అంటాడు. అమెరికాలో జాజ్ పాటతో మొదలుపెట్టి ఆపెరాలో, అంటే పాటతోనే నడిచే నాటకంలో, అగ్రశ్రేణికి చేరిన రెనే ఫ్లెమింగ్ చరిత్ర ఈ విషయంలో తెలుసుకోదగినది.

ఆమె 1959 ఫిబ్రవరి 14వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఇండియానా అనే ఊళ్లో జన్మించింది. పెరిగింది న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టరులో. తల్లీ తండ్రీ సంగీతోపాధ్యాయులే గనుక పాట ఇంట్లోనే అబ్బింది. పోట్స్‌డాం కళాశాలలో సంగీత బోధన చదువుతూ, ఊళ్లోని ఒక పానశాలలో చిన్న జాజ్ మేళంతో పాడేది. ఆ పాట ప్రసిద్ధ సాక్సఫోన్ విద్వాంసుడు ఇలినాయ్ జకెట్ చెవిని పడింది. తన బృందంతో కచేరీలకు రమ్మని ఆయన పిలిచాడు. చేతికందిన ఆ అవకాశాన్ని వదులుకొని ఆమె పై చదువుకు వెళ్లింది.

ఈస్ట్‌మన్, జూలియార్డ్ విద్యాలయాలు, 1984లో ఫుల్‌బ్రైట్ వేతనంపై జర్మనీ: ఇలా చదువు ఏళ్ల తరబడి సాగింది. మెట్రోపాలిటన్ ఆపెరా వారి పోటీలో 1988లో నెగ్గేనాటికి ఆమెకు 29 ఏళ్లు. ఆ రంగస్థలం మీద తొలిసారి పాడింది 1991లో, మోజార్టు 'ఫిగారో వివాహం'లో కౌంటెస్ పాత్రలో. అదైనా మరొక గాయనికి బదులుగా.

ఈ రెండు సంగీతాలకూ తేడా పెద్దదే. జాజ్‌లో మైకు ఉంటుంది. గొంతు తగ్గించి, చెవిలో చెప్పినట్లు పాడవచ్చు. ఆపెరాలో మైకు ఉండదు. వాద్యబృందం హోరును దాటించి, మెట్రోపాలిటన్‌లోనైతే సుమారు 3,800 మందికి ఊపిరి బలంతోనే వినిపించాలి. ఆమెది సొప్రానో, అనగా స్త్రీ కంఠాలలో హెచ్చు స్థాయిది. జాజ్ పాడేటప్పుడు మాత్రం కింది స్థాయికి దిగి పాడుతుంది.

అయితే జాజ్ పాడేవారు బాణీని అప్పటికప్పుడు మలచుకుంటారు గదా, ఆ అలవాటుకు ఆపెరాలోనూ చోటున్నది. బెల్లినీ, డోనిజెట్టీల కాలపు ఇటలీ ఆపెరాలలో చరణాన్ని రెండవసారి పాడేటప్పుడు గాయని తన సొంత సొగసులు చేర్చడం ఆచారం. మన మనోధర్మానికి దగ్గరి చుట్టమన్నమాట. అటువంటి పాటలతో వచ్చిన ఆమె 'బెల్ కాంటో' రికార్డుకు 2003లో గ్రామీ బహుమతి లభించింది.

దారి పొడుగునా పూలే లేవు. 1998లో మిలాన్ నగరంలోని లా స్కాలాలో డోనిజెట్టీ ఆపెరా పాడుతూండగా కొందరు శ్రోతలు గేలి చేశారు. ఆ యేడు తనను వేదికాభయం పట్టి పీడించిన సంగతి 2004లో వెలువడిన తన పుస్తకంలో ఆమే చెప్పింది. ఐనా పాట మానలేదు. 2005లో పియానోపై ఫ్రెడ్ హెర్ష్, గిటారుపై బిల్ ఫ్రిసెల్ సహకరించగా జాజ్ పాటల రికార్డు ఇచ్చింది. 2014లో 'సూపర్ బౌల్' ఫుట్‌బాల్ పోటీలో అమెరికా జాతీయగీతం పాడింది. ఆ గౌరవం పొందిన మొదటి ఆపెరా గాయని ఆమెయే. 2022లో 'ది అవర్స్' అనే కొత్త ఆపెరాతో మళ్లీ మెట్రోపాలిటన్ వేదిక ఎక్కింది.

తల్లి మాటలోనూ నిజమున్నది: ఏళ్ల సాధన లేనిదే ఆపెరా దక్కేది కాదు. మేనమామ మాటలోనూ నిజమున్నది: జాజ్ ఆమె గొంతును పాడుచేయలేదు. ఏ పాటకు గొంతు ఎలా పట్టాలో పిల్లకు చెప్పే గురువు దొరికితే, ఆ ఇంటి తగవు సగం తీరినట్లే.