దెబ్బ తగలకముందే: సైటు సూపర్‌వైజర్లకు తర్ఫీదు ఎందుకు?

కట్టడం పనిలో గాయపడి మా క్యాజువాలిటీకి వచ్చినవారికి మేము చేయగలిగినదంతా చేస్తాము. విరిగిన చెయ్యి అతుకుతుంది, చీలిన చర్మానికి కుట్లు వేయవచ్చు. కాని తెగిన వెన్నుపాము తిరిగి అతకదు. నడుము కింద స్పర్శ పోయిన యువకుడి భార్యకు ఆ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు మా దగ్గర ఏ మందూ ఉండదు. అందుకే ఈసారి చికిత్స గురించి కాక, ఆ దెబ్బ తగలకుండా ఆపగల మనిషి గురించి రాస్తున్నాము. ఆయనే సైటు మేనేజరు. చిన్న పనుల్లో సూపర్‌వైజరు అనీ, మేస్త్రీ అనీ పిలుస్తాము.

ఆయనకే ఎందుకు?

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం 250 మంది లేక అంతకు మించి కార్మికులున్న కట్టడం పనిలో సేఫ్టీ ఆఫీసరును నియమించాలి. మన వీధిలో రెండంతస్తుల ఇల్లు కట్టేచోట పది ఇరవై మందే ఉంటారు. అక్కడ ఆ బాధ్యత మేస్త్రీదే. పైకి ఎవరు ఎక్కాలో, గుంత ఎంత లోతు తవ్వాలో, ఎండలో పని ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆయనే. ఇది ప్రమాదమని కూలీకి తెలిసినా నోరు విప్పడు. రేపటి కూలి పోతుందని భయం. "ఆపండి" అనే మాట మేస్త్రీ అంటేనే చెల్లుతుంది.

తర్ఫీదు అంటే హెల్మెట్లు పంచడమని చాలామంది అనుకుంటారు. హెల్మెట్ అవసరమే, పైనుంచి ఇటుక పడితే తలను కాపాడుతుంది. కాని మూడో అంతస్తు నుంచి మనిషే పడితే నడుమును కాపాడలేదు. మొదట ప్రమాదాన్ని తీసివేయాలి. తీయలేకపోతే అడ్డు కట్టాలి. ఆ తరువాతే హెల్మెట్, బెల్టు. మంచి తర్ఫీదులో మొదటి పాఠం ఈ వరుసే.

పొద్దున పది నిమిషాలు

పని మొదలుపెట్టే ముందు సూపర్‌వైజరు సైటంతా ఒకసారి తిరిగి ఈ నాలుగూ చూడాలి. పరంజా, గుంతల కొలతలు కేంద్ర ప్రజా పనుల శాఖ తన కాంట్రాక్టర్లకు పెట్టిన భద్రతా నియమాల్లోనివి.

1. ఎత్తు: పరంజా అనండి, సారువ అనండి, 3.6 మీటర్లు (12 అడుగులు) దాటితే అంచున కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తు అడ్డుకమ్మీ ఉండాలి. లిఫ్టు గుంతకు, శ్లాబు అంచుకు కూడా అడ్డు కట్టాలి.

2. గుంత: లోతు 1.5 మీటర్లు ఉంటే పక్కలను మెట్లుగా లేక వాలుగా తవ్వాలి, లేదా చెక్కలతో బిగించాలి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్ల లోపు పోయకూడదు. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నుల బరువు. ఛాతీ దాకా కూరుకుపోతే, తల బయటే ఉన్నా మనిషి ఊపిరి తీసుకోలేడు.

3. కరెంటు: అతుకులు వేసిన వైర్లు నీళ్లలో పడి ఉండకూడదు. బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. పైన కరెంటు తీగలుంటే ఇనుప రాడ్లు అటువైపు నుంచి ఎత్తనివ్వకూడదు.

4. ఎండ: తాగే నీళ్లు, కూర్చోవడానికి నీడ పని దగ్గరలోనే ఉండాలి. మరుగుదొడ్డి లేనిచోట ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. కనుక మరుగుదొడ్డి కూడా వడదెబ్బకు మందే.

చూసినవి కూలీలందరికీ చెప్పాలి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారుంటే వారికి తెలిసిన భాషలో చెప్పించి, తిరిగి వారి నోటనే చెప్పించుకోవాలి.

కనిపించని అపాయం

కొత్తగా కట్టిన నీళ్ల సంపులో సెంట్రింగ్ చెక్క విప్పడానికి దిగినవారు చనిపోవడం వింతగా తోస్తుంది. మూత వేసి ఉన్న సంపులో తడి చెక్క కుళ్లి గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. దిగిన మనిషి కేక వేసే లోపే స్పృహ తప్పుతాడు. అతన్ని తీయబోయి రెండో మనిషి, మూడో మనిషి పడిపోతారు. సెప్టిక్ ట్యాంకులోనైతే విషవాయువులు కూడా ఉంటాయి. దీపం దింపి చూడటాన్ని నమ్మవద్దు. మండే వాయువు ఉంటే అదే పేలుతుంది. సంపు మూతలన్నీ తీసి, బ్లోయరుతో గాలి కొట్టి, గ్యాస్ మీటరుతో చూసిన తరువాతే దింపాలి. అప్పుడైనా నడుముకు తాడు కట్టి, పైన మనుషులను ఉంచాలి. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికైతే మనిషిని దింపనే వద్దు, యంత్రాన్ని పిలవండి.

రాయి, టైల్సు కోసే ధూళి ఇంకొకటి. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. క్షయ సోకే అవకాశమూ పెరుగుతుంది. కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడేటట్లు చూస్తే ధూళి చాలావరకు అణిగిపోతుంది.

ప్రమాదం జరిగిపోతే

* 108కి ఫోన్ చేయండి. సైటు గుర్తులు చెప్పడానికి ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి.
* పైనుంచి పడినవారిని కూర్చోబెట్టవద్దు, చేతులూ కాళ్లూ పట్టి ఆటోలో వేయవద్దు. తల, మెడ, నడుము కదలకుండా ఉంచండి. మిగిలిన వెన్నుపాము ఆ కుదుపులోనే దెబ్బతినవచ్చు.
* కరెంటు షాక్ అయితే ముందు మెయిన్ ఆపండి, తరువాతే ముట్టుకోండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి.
* వడదెబ్బకు మాట తడబడినా, స్పృహ తప్పినా నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోసి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.
* కంట్లో సిమెంటు, సున్నం పడితే నలపకుండా కనీసం 20 నిమిషాలు మంచినీళ్లతో కడిగి తీసుకురండి.

వీటిని ఒకసారి వింటే చాలదు. మేస్త్రీ తన చేతులతో చేసి నేర్చుకోవాలి, కొత్త పని మొదలైన ప్రతిసారీ గుర్తు చేసుకోవాలి. ఇల్లు కట్టించుకునే మన పాఠకులకు ఒక్క మనవి: పని ఎప్పటికి పూర్తవుతుందని అడిగేటప్పుడే పరంజాకు అడ్డుకమ్మీ కట్టించారా అని కూడా మేస్త్రీని అడగండి. దానికయ్యే ఖర్చు మీరు ఇస్తామని చెప్పండి. ఈ పేజీని కత్తిరించి సైటు షెడ్డు గోడకు అంటించండి.