ముందు ఆగడం నేర్చుకో మామా!

అచ్చం నిజమైన కారులా ప్రవర్తించే వీడియోగేమ్ ఇది. ఆడితే డ్రైవింగ్ వస్తుందా? ఉన్న డ్రైవింగ్ పాడవుతుందా? ఆదిలాబాద్‌లో ఒక దసరా సాయంత్రం స్టీరింగ్ పట్టుకుని తేల్చుకున్న సంగతులు...

నాకు కారు నడపడం కొత్త కాదు. పదిహేనేళ్లుగా కరీంనగర్ టవర్ సర్కిల్ రద్దీలో నడుపుతున్నా. బండికి ఒక్క గీత కూడా పడలేదని నలుగురిలో గొప్పలు చెప్పుకునేవాణ్ని. అలాంటిది మొన్న దసరాకు అక్కావాళ్లింటికి ఆదిలాబాద్ వెళ్లి, మొదటి మలుపులోనే కారును రోడ్డు దించి మట్టిలోకి పోనిచ్చాను. చుట్టూ చేరిన పిల్లలంతా ఒకటే నవ్వు!

కంగారు పడకండి. నేనున్నది హాల్లో. కూర్చున్నది భోజనాల బల్ల ముందు. కారేమో టీవీలో!

పంతం ఇలా మొదలైంది

మా మేనల్లుడు ఇంజినీరింగ్‌లో చేరాడు. పద్దెనిమిది నిండాయి. ఇంకేముంది, బైకు కావాలని ఇంట్లో ఒకటే గొడవ. బావ సరేనన్నాడుగానీ అక్క ఒప్పుకోలేదు. ‘తమ్మీ, నువ్వన్నా చెప్పురా వానికి. రాత్రిపగలు ఆ కార్ల ఆటే. గంత స్పీడుగ తిప్పుడు చూస్తే నాకు గుండె దడ. రేపు రోడ్డు మీద గూడ గట్లనే పోతడేమో’ అంది. తల్లి భయం కదా!

వాణ్ని కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పబోయాను. వాడు అడ్డుపడ్డాడు. ‘మామా, నువ్వు ఒక్క గంట ఆడు. ఆడినంక ఏం చెప్పినా వింట’ అన్నాడు. అలా ఇరుక్కుపోయాను.

సరంజామా చూస్తే చిన్న వర్క్‌షాప్‌లా ఉంది. దోస్తులంతా తలా కొంత వేసుకుని కొన్న సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్. బల్లకు మరలతో బిగించిన స్టీరింగ్. ఈ చివర నుంచి ఆ చివరకు రెండున్నర చుట్లు తిరుగుతుంది. కింద క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్... మూడు పెడల్స్. స్టీరింగ్ లోపల ఒక మోటారు ఉంటుంది. మలుపులో మన చేతిని వెనక్కి నెడుతుంది. గతుకుల్లో వణుకుతుంది. టైరు పట్టు తప్పగానే ఉన్నట్టుండి తేలికైపోతుంది.

ఆటా? అనుకరణా?

మా తరానికి కార్ల ఆటంటే ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింతని ఇచ్చి ఆడినవే. రోడ్‌ రాష్‌లో బైకు మీద పోతూ పక్కవాణ్ని తన్నడం, నీడ్ ఫర్ స్పీడ్‌లో పోలీసులకు దొరక్కుండా పారిపోవడం. గోడకు గుద్దుకున్నా బండి మళ్లీ పరుగే. బ్రేకనేది ఒకటుందని ఎవరికి గుర్తు?

సిమ్యులేషన్ గేములు అలా కాదు. కారు బరువెంత, బ్రేకు వేస్తే ఆ బరువు ఎటు వాలుతుంది, టైరుకు ఎంత పట్టుంది... అన్నీ లెక్కగట్టి చూపిస్తాయి. ఇలాంటివాటిని ఇంటింటికీ తెచ్చిన ఘనత ‘గ్రాన్ టురిస్మో’ది. జపాన్‌కు చెందిన కజునోరి యమౌచి బృందం దాన్ని తయారుచేస్తే, 1997 డిసెంబరులో అక్కడే మొదట విడుదలైంది. మా వాడు ఆడేది 2022లో వచ్చిన ఏడో భాగం. రాగానే రాకెట్‌లాంటి కారేమీ ఇవ్వరు. మొదట్లో కొనుక్కోగలిగేవన్నీ చిన్న కార్లే. వాటిలో హోండా ఫిట్ ఒకటి. ఫిట్ అంటే మరేదో కాదు, మన దగ్గర ‘జాజ్’ పేరుతో అమ్మిన కారే. మా కాలనీలోనూ రెండున్నాయి. అది చూడగానే ‘ఓస్, ఇంతేనా’ అనుకున్నా. అక్కడే దెబ్బతిన్నా.

జపాన్‌లో సుకుబా అని ఒక ట్రాక్ ఉంది. చుట్టు రెండు కిలోమీటర్లే. మనది కరీంనగర్ అనుభవం కదా... యాక్సిలరేటర్ తొక్కిపట్టా. కుడివైపు మలుపు దగ్గర పడ్డాక బ్రేకు మీద నిలబడ్డంత పని చేసి, స్టీరింగ్ తిప్పా. చక్రాలు తిరిగాయిగానీ కారు మాత్రం తిరగలేదు. తిన్నగా మట్టిలోకి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి గిర్రున బొంగరంలా తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ ఆగింది.

‘మామా, నీకు ఉరుకుడు వచ్చుగని ఆగుడు రాదు. ముందుగాల లైసెన్సు తెచ్చుకో’ అన్నాడు మేనల్లుడు.

మొదటి పాఠం బ్రేకు

లైసెన్సంటే వేళాకోళం కాదు. గ్రాన్ టురిస్మోలో మొదటి భాగం నుంచీ లైసెన్సు పరీక్షలు ఉన్నాయి. పాస్ కాకుండా పెద్ద పోటీలకు పోనివ్వరు. అందులో తొలి పాఠం ఏంటో తెలుసా? బయల్దేరి, కొంతదూరం వెళ్లి, గీసిన గడిలో ఆగడం. వేగంతో పేరు తెచ్చుకున్న ఆట కూడా మొదట నేర్పేది ఆగడమే!

చిన్నపిల్లల పనిలా ఉంటుందిగానీ ఆరుసార్లు తప్పాను. గడి కనిపించాక తొక్కితే దాటిపోతాం. మరీ ముందు తొక్కితే ఇవతలే నిలిచిపోతాం. ఏడోసారి గడిలో ఆగినప్పుడు ఎంత సంబరమో... పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత గంతులేయలేదు.

ఇంతకీ నా కారు మలుపులో ఎందుకు తిరగలేదు? ఇంట్లో లెక్కతో చెప్పుకుందాం. టైరుకు రోడ్డు మీదుండే పట్టు నెల జీతం లాంటిది. వచ్చేది అంతే. బ్రేకుకు కొంత ఖర్చు పెట్టొచ్చు, మలుపుకు కొంత. మొత్తం బ్రేకుకే తగలేస్తే మలుపుకు మిగిలేది సున్నా. అందుకే ‘తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వెయ్యి, వదులుతూ మలుపు తిప్పు, మలుపు దాటుతూ వేగం పెంచు’ అంటారు. నెమ్మదిగా వెళ్లి వేగంగా బయటపడటమన్నమాట.

మా వాడు ఒక మీట నొక్కి ఏబీఎస్ తీసేశాడు. ‘ఇప్పుడు తొక్కు’ అన్నాడు. తొక్కగానే చక్రాలు బిగుసుకుపోయి కారు మంచు మీద జారినట్టు జారిపోయింది. స్టీరింగ్ ఎంత తిప్పినా ఉలకదు, పలకదు. చక్రం తిరుగుతుంటేనే బండి మన మాట వింటుంది. ఏబీఎస్ చేసే పని అదే, బ్రేకును క్షణంలో పలుమార్లు పట్టి వదులుతూ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది. 125 సీసీ దాటిన కొత్త బైకులకు మనదేశంలో 2019 ఏప్రిల్ నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. ఎందుకో ఆ నిమిషంలో కళ్లారా చూశా.

ఇంకో లెక్క కూడా ఒళ్లు జలదరింపజేసింది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక జరిగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. కళ్లు చూసి కాలు కదలడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉన్నా సరే... గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. 80లో 57 మీటర్లు. 120లో 112 మీటర్లు. వాన పడితే మరింత. ఈ సంగతి బడిలో సూత్రంగా చదివాం. గుర్తుందా? నాకైతే లేదు!

లారీ బావ ల్యాప్

గంట గడిచేసరికి నేను రోడ్డు దిగకుండా ఒక చుట్టు పూర్తిచేశా. మా వాడి కంటే 19 సెకన్లు వెనక. అప్పుడే బావ లోపలికొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆదిలాబాద్, నాగ్‌పూర్ మధ్య లారీ నడిపిన మనిషి. ఆటలంటే గిట్టదు. ‘నువ్వు గూడ కూసో బావా’ అని బలవంతపెట్టా.

చిత్రమేంటంటే... ఎప్పుడూ ఆడని బావ మొదటి చుట్టులోనే కారును మట్టిలోకి దించలేదు. మలుపు రాకముందే కాలు తీసేస్తాడు. గేరు దించుతాడు. స్టీరింగ్‌ను గుంజడు, వదులుతాడు. టైము చూస్తే అందరికంటే ఆఖరు. ఒక్క తప్పూ లేదు. లేచి అన్నాడు: ‘అంత మంచిగనే ఉందిగని నడుముకు ఏం తెలుస్తలేదురా. బండి జారేది ముందుగాల నడుముకు తెలవాలె. ఇండ్ల చేతికి, కంటికే తెలుస్తుంది.’

నిపుణులు చెప్పేదీ ఇదే. కారు ముందుకు తూలినా, పక్కకు జారినా నిజమైన బండిలో మన ఒళ్లు పసిగడుతుంది. ఇంట్లో కుర్చీ కదలదు. కొత్తగా ఆడేవాళ్లు అతివేగంగా పోవడానికి అదొక కారణం. తెరమీద 100 కూడా 50లా అనిపిస్తుంది.

తెర నుంచి ట్రాక్ మీదకు

అలాగని ఆట ఉత్త ఆటే అని కొట్టిపారేయడానికీ లేదు. నిస్సాన్, సోనీ సంస్థలు కలిసి 2008లో ‘జీటీ అకాడమీ’ మొదలుపెట్టాయి. గేములో గెలిచినవాళ్లకు శిక్షణ ఇచ్చి నిజమైన రేసుల్లో దింపడం దాని ఉద్దేశం. మొదటి విజేత స్పెయిన్‌కు చెందిన ఎంబీఏ విద్యార్థి లూకాస్ ఆర్డోనెజ్. 2011లో ప్రఖ్యాత లె మాన్స్ 24 గంటల రేసులో తన తరగతిలో జట్టుతో కలిసి రెండో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది అకాడమీ గెలిచిన బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో కథతో 2023లో హాలీవుడ్ సినిమా వచ్చింది. 2014లో ఈ పోటీ మనదేశానికీ వచ్చింది. మన హైదరాబాద్‌లోనైతే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసే జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ‘చూస్తివా మామా?’ అన్నట్టు కళ్లెగరేశాడు మా వాడు.

చూశా. మరి అదే మార్డెన్‌బరో జీవితంలో ఇంకో పేజీ కూడా ఉంది. 2015 మార్చిలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో అతని కారు గాల్లోకి లేచి కంచె దాటి పడింది. రేసు చూడ్డానికి వచ్చిన ఒకరు చనిపోయారు. ఆ ట్రాక్ గేములోనూ ఉంది. అక్కడ ఎన్నిసార్లు పడినా ఒక మీట నొక్కితే కారు మళ్లీ కొత్తదవుతుంది. బయట ఆ మీట లేదు.

అంత దూరం ఎందుకు? మన కొండగట్టే ఉంది. 2018 సెప్టెంబరు 11న ఘాట్ దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అందులో సామర్థ్యానికి మించి జనం ఉన్నారు. బండి బరువెక్కేకొద్దీ, దారి పల్లమయ్యేకొద్దీ బ్రేకు మీద భారం పెరుగుతుందని డ్రైవర్లందరికీ తెలుసు. ‘ఏ గేరుల ఎక్కినవో ఆ గేరులనే దిగాలె’ అని బావ ఎప్పుడూ అనే మాట. నేనా ఊసెత్తగానే హాలంతా నిశ్శబ్దం. ఆ చుట్టుపక్కల ఊళ్లు మాకు తెలిసినవే మరి.

మండెపల్లిలో బడి

సిమ్యులేటర్లను పిల్లల ఆటకే వదిలేయకూడదని ప్రభుత్వాలూ గుర్తించాయి. గుర్తింపు పొందే డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటర్, ప్రత్యేక ట్రాక్ ఉండాలని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది జులైలో మన పాత కరీంనగర్ జిల్లాలోనే, సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో, అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో డ్రైవింగ్ శిక్షణ సంస్థ మొదలైంది. పైలట్లు విమానం ఎక్కేముందు సిమ్యులేటర్‌లో కూర్చుంటారు కదా, తప్పులన్నీ అక్కడే చేసెయ్యడానికి. డ్రైవర్‌కు మాత్రం ఆ అవకాశం ఎందుకుండకూడదు?

మీ ఇంట్లోనూ ఇలాంటి ఆట ఉంటే పిల్లలకు ఒక మాట చెప్పండి. రేసు తర్వాత, ముందు లైసెన్సు పరీక్షలు. పెద్ద కారు వద్దు, చిన్న కారుతో మొదలు. ఒకే ట్రాక్ మీద, తెరమీద కనిపించే దారిగీత ఆసరాతో నేర్చుకోవడం మేలు. వీల్ లేకపోయినా మామూలు కంట్రోలర్ సరిపోతుంది. వీలైతే మీరూ ఒకసారి కూర్చోండి. పిల్లాడు చెబుతుంటే పెద్దవాళ్లు నేర్చుకోవడంలో ఉన్న సరదా వేరు.

ఇంతకీ బైకు సంగతి?

రాత్రి భోజనాల దగ్గర మేనల్లుణ్ని ఒక్కటే అడిగా. ‘ఆ సుకుబాల ఎన్నిసార్లు తిరిగినవ్‌రా?’

‘వెయ్యిసార్లు తిరిగి ఉంట మామా.’

‘అందుకే ప్రతి మలుపు తెలుసు. ఇచ్చోడ రోడ్డు మీద బర్రె ఎప్పుడు అడ్డమొస్తదో తెలుసా?’

వాడేం మాట్లాడలేదు. చాలాసేపటికి తనే అన్నాడు... ‘ముందుగాల లర్నింగ్ లైసెన్సు తీసుకుంట. నాయినతోని నేర్చుకుంట. బండి తర్వాతనే కొనుండ్రి’ అని. అక్క నావైపు చూసింది. ఆ చూపులో భయం పూర్తిగా పోలేదుగానీ కాస్త సడలింది. ‘హెల్మెట్ మాత్రం ఇయ్యాల్నే కొంట’ అంది. అందరం నవ్వాం.

మర్నాడు తిరుగు ప్రయాణం. నిర్మల్, జగిత్యాల దాటి కొండగట్టు దగ్గరికొచ్చాం. ముందు మలుపు. ఎప్పుడూ అయితే దగ్గరికెళ్లాకే బ్రేకు మీద కాలు పడేది. ఆరోజు ఎవరూ చెప్పకుండానే చాలా ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు లేచింది. వెనక సీట్లో నిద్రపోతున్న మా చిన్నది కదల్లేదు కూడా.

నాకు లైసెన్సు వచ్చి పదిహేనేళ్లయింది. ఆగడం వచ్చింది మాత్రం మొన్న దసరాకే!