చలికాలమున బండియిల్లు

గుడారము వేసికొని యొక రాత్రి గడపుట మన స్కౌటు బాలురకు దెలిసిన విషయమే. అయితే ఇంటినే చక్రముల మీద నెక్కించి, అందులోనే వండుకొని, అందులోనే పరుండి, దేశమంతయు దిరుగువారు ఉత్తర అమెరికాలో లక్షలకొలది కలరు. అట్టి బండిని వారు ఆర్వీ యని సంగ్రహముగా బిలుతురు. ఈ వ్యాసమున మనము దానిని బండియిల్లందము. పడకలు, వంటపొయ్యి, నీటితొట్టి, స్నానపుగది, మరుగుదొడ్డి, అన్నియు నొక బస్సు ప్రమాణములో నందు ఇమిడియుండును.

వీరిలో పెక్కురు చలికాలము రాగానే పక్షులవలె దక్షిణమునకు వలసపోయి, అరిజోనా యెడారిలోని క్వార్ట్జ్‌సైట్ వంటి చోట్ల విడియుదురు. తెలివిగలవారి మార్గ మదియే యని నా యభిప్రాయము. కాని యందఱికి నట్లు పోవ వీలుపడదు. 2010 ప్రాంతమున నార్త్ డకోటా రాష్ట్రమున భూమినుండి చమురు విరివిగా దీయుచుండగా, విల్లిస్టన్ పట్టణమునకు పనివారు వేలకొలది వచ్చిరి. అద్దెయిండ్లు చాలనందున పలువురు బండియిండ్లలోనే చలికాలములు గడపిరి. అచ్చట జనవరి మాసపు రాత్రులు కొన్నింట ఉష్ణమానము సున్నకు దిగువ 30 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు బోవును. మన లంబసింగిలో మంచు పేరుకొన్నదని వినినంతనే మనము దుప్పటి వెదకుకొందుము గదా!

బండి తేలికగా నుండవలయును గావున దాని గోడలు సామాన్యముగా మిక్కిలి పలుచనివి. గోడలోపలి చట్రము తఱచుగా అల్యూమినియపుది. ఈ లోహము వేడిని త్వరగా నావలికి గొనిపోవును. వేడి పాలు పోసిన అల్యూమినియపు గ్లాసును పట్టుకొన్న బాలునకు ఈ సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. కిటికీల కొంటి యద్దమే యుండుట కలదు. అంతకంటె ముఖ్యముగా, నేలపలక క్రింద భూమి లేదు. చలిగాలి యటునిటు వీచుచుండును. కావున ఒకచోట నిలిచి చలికాలము గడపువారు బండి యడుగంచునుండి నేలవఱకు జుట్టును దడి కట్టుదురు. కొందఱు ఇందులకు గడ్డిమోపులు పేర్చుదురు గాని, గడ్డి యెలుకలకు నివాసము, నిప్పునకు ఆహారము, నురుగుపలకలే మేలు. కిటికీలకు దళసరి తెరలును, పైకప్పునందలి గాలిరంధ్రములకు మెత్తని దిండ్లును అమర్చుదురు.

లోపల వేడి పుట్టించుటకు ప్రోపేను గ్యాసుతో మండు తాపనయంత్ర ముండును. మన వంటయింటి సిలిండరులో ప్రోపేనుతో బాటు బ్యూటేనును గలిసియుండును. బ్యూటేను సున్న డిగ్రీల దాపునకు వచ్చినంతనే ఆవిరిగా మాఱుట మానును. కావున ఆ చలిలో నది పనికిరాదు. ప్రోపేను సున్నకు దిగువ 42 డిగ్రీల వఱకు ఆవిరి యగుచునే యుండును. ఈ యంత్రము మంటకు గావలసిన గాలిని బయటినుండి తీసికొని, పొగను బయటికే పంపి, వేడిని మాత్రము లోపలికి నూదును. ఊదు పంకా బ్యాటరీతో దిరుగును. గ్యాసు నిండుగ నున్నను, బ్యాటరీ యుడిగిపోయినచో రాత్రియంతయు వణకవలసినదే. చలిలో బ్యాటరీ శక్తి తగ్గును గావున ఈ చిక్కు అరుదైనది కాదు.

ఇంతవఱకు జలిని గూర్చి చెప్పితిని. కాని బండియింటిలో జలికి దోడు మఱియొక శత్రువు గలదు, అది నీటియావిరి. మన యూపిరితోను, చెమటతోను, వంటతోను, ఆరవేసిన తడిబట్టలతోను గాలిలో తేమ పెరుగును. మంట సయితము నీటిని పుట్టించును: ఒక కిలో ప్రోపేను పూర్తిగా మండినచో ఇంచుమించు 1.6 కిలోల నీరు ఆవిరిరూపమున వెలువడును. తాపనయంత్రము దీనిని బయటికి బంపును. వంటపొయ్యి మాత్రము లోపలనే విడుచును. చల్లని నీటిచెంబు వెలుపల బిందువులు కట్టునట్లు, ఈ యావిరి చల్లని కిటికీల మీదను, గోడమూలలను, పఱుపు క్రిందను నీరై నిలుచును. క్రమముగా బూజు పట్టును, చెక్క క్రుళ్లును. కనుక ఎంత చలిగా నున్నను పైకప్పు రంధ్రములలో నొకదానికి దిండు తీసి, దానిని కొంచెముగా తెఱచియుంచవలయును. వెచ్చదనము కొఱకు దడి కట్టినవాడే వెచ్చని గాలిని గొంత బయటికి బోనిచ్చుట వింతగా దోచును గాని, తడిసిన పఱుపు మీద పరుండినవా డెట్లును వెచ్చగా నుండజాలడు.

ఆ రంధ్రమును దెఱచుటకు ఇంతకన్న గొప్ప కారణము గలదు. తాపనయంత్ర మాగిపోయిన రాత్రి కొందఱు సందులన్నియు మూసి, వంటపొయ్యిని వెలిగించి, దాని వేడికి నిద్రింతురు. మూసిన చోట బ్రాణవాయువు తగ్గగా మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో బ్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో బట్టుకొనును. మొదట తలనొప్పి, తల తిరుగుట, వాంతి. జ్వరమేమో యని రోగి మరల పండుకొనును. నిద్రలో నున్నవానికి ఆ హెచ్చరికయైన నుండదు. మన యిండ్లలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి ప్రక్కన నిద్రించుటయు నిట్టిదే. అందుచే బండియిండ్లలో ఈ వాయువును బసిగట్టి మ్రోగు చిన్న యంత్రమును అమర్చుదురు. ప్రోపేను కాఱుటను దెలుపు యంత్రము వేఱు. ఆ గ్యాసు గాలికంటె నొకటిన్నర రెట్లు బరువైనది గావున దానిని నేల దాపున నుంచుదురు. విషవాయువు గాలితో నించుమించు సమానమైన బరువు గలది గనుక దాని యంత్రము పడకల దాపున నుండును. ఏది మ్రోగినను కారణము వెదకుచు లోపల నిలువరాదు. అందఱును వెంటనే బయటికి రావలయును. మంచు కురిసిన ప్రతి యుదయమును తాపనయంత్రపు పొగరంధ్రము పూడుకొనలేదని చూచుకొనుటయు నవశ్యకము.

ఇక గొట్టముల సంగతి. నీరు గడ్డకట్టునపుడు సుమారు నూటికి తొమ్మిదిపాళ్లు వ్యాకోచించును. అందుచే గొట్టములు పగులును. బండిలో నివసించువారు గొట్టములకు విద్యుత్తుతో వేడెక్కు పట్టీలు చుట్టుదురు. మురుగునీటి తూము బొట్టుబొట్టుగా గాఱ విడువరు, ఆ బొట్లే గడ్డకట్టి తూమును మూయును గనుక. చలికాలమంతయు బండిని వాడనివారు నీటిని పూర్తిగా వెడలించి, గొట్టములలో గులాబిరంగు ద్రవమును నింపుదురు. అది ప్రోపిలీన్ గ్లైకాలుతో జేసినది. కార్లలో బోయునట్టి ఎథిలీన్ గ్లైకాలు విషము, పైగా తియ్యనిది. త్రాగునీటి గొట్టములలో దానిని పోయరాదు. వసంతమున ఆ గులాబిరంగు పూర్తిగా బోవువఱకు గొట్టములను గడిగి, పిమ్మట నీరు పట్టుకొందురు.