మీకు తెలుసా? యూనిఫాం కొనుక్కుని యుద్ధానికి వెళ్లిన ఎంపీ

1914 ఆగస్టు, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజులు. ఐరిష్ గార్డ్స్ పటాలం లండన్ నుంచి ఫ్రాన్స్‌కు బయలుదేరింది. కవాతు చేస్తూ పోతున్న వరసలోకి ఒకాయన చటుక్కున వచ్చి కలిసిపోయాడు. ఒంటిమీద ఆ పటాలం యూనిఫామే ఉంది, కాకపోతే సొంత డబ్బుతో కొనుక్కున్నది. చూపు అంత మందగించిన మనిషిని సైన్యం మామూలు దారిలో చేర్చుకోదు మరి. అప్పటికి దాదాపు మూడేళ్లుగా ఆయన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. పేరు ఆబ్రీ హెర్బర్ట్.

పుట్టింది 1880లో, హైక్లేర్ కోటలో. 'డౌన్‌టన్ ఆబీ' సీరియల్ చూసినవాళ్లకు ఆ భవనం పరిచయమే. తండ్రి కార్నార్వన్ వంశంలో నాలుగో ఎర్ల్. ఈజిప్టులో టుటన్‌ఖామన్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన ఐదో ఎర్ల్ ఈయనకు సవతి అన్న. ఆబ్రీకి టర్కిష్, అరబిక్, గ్రీకు, అల్బేనియన్ సహా ఎన్నో భాషలు వచ్చు. ఫ్రాన్స్‌లో అడుగుపెట్టిన కొద్దిరోజులకే గాయపడి జర్మన్లకు చిక్కాడు. వాళ్లు వెనక్కి తగ్గడంతో బయటపడ్డాడు.

నన్ను కదిలించింది మాత్రం ఆ మరుసటేడు టర్కీలోని గల్లిపొలిలో ఆయన చేసిన పని. 1915 మే 19న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఆంజాక్ సేనల మీద టర్కులు పెద్ద దాడి చేశారు. ఆ ఒక్కరోజే దాదాపు 3,000 మంది టర్కులు చచ్చిపోయారు. రెండు పక్కల కందకాల మధ్య కొన్నిచోట్ల ఉన్నది కొన్ని గజాల దూరమే. ఎండకు శవాలు కుళ్లిపోతున్నాయి. పూడ్చడానికి ఎవరు తల ఎత్తినా గుండు తగులుతుంది. కాసేపు కాల్పులు ఆపి చనిపోయినవాళ్లను మట్టిచేద్దామని హెర్బర్ట్ పైఅధికారుల వెంటపడ్డాడు. మాటలు సాగుతున్నంతసేపూ తనే టర్కుల దగ్గర జామీనుగా ఉన్నాడు. మే 24న పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా తుపాకులు ఆగాయి. నిన్నటిదాకా కాల్చుకున్నవాళ్లు పక్కపక్కనే గోతులు తవ్వారు. హెర్బర్ట్ వాళ్ల మధ్య టర్కిష్‌లో మాట్లాడుతూ తిరిగాడు. గడువు ముగిసేవేళకు టర్కిష్ సైనికులే ఆయన దగ్గరికి వచ్చి ఏం చేయమంటారని అడిగారు. రేపు మీరే నన్ను కాల్చేస్తారు కదా అంటే, దేవుడా అంతపని జరగకూడదన్నారు! ఇంతకన్నా పెద్ద పతకం ఏ సైన్యమైనా ఇవ్వగలదా?

1916 ఏప్రిల్‌లో ఇరాక్‌లోని కూత్‌కు వెళ్లాడు. అక్కడ ముట్టడిలో చిక్కుకుని ఆకలితో అల్లాడుతున్న బ్రిటిష్ సేనలో ఎక్కువమంది మన భారతీయ సిపాయిలే. వాళ్లను విడిపించడానికి హెర్బర్ట్, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ కలిసి టర్కిష్ సేనాని ఖలీల్ పాషా దగ్గరికి రాయబారం నడిపారు. 20 లక్షల పౌండ్ల దాకా ఇస్తామన్నా ఖలీల్ ఒప్పుకోలేదు. జబ్బుపడ్డవాళ్లు, గాయపడ్డవాళ్లు కొందరికి మాత్రం విడుదల దొరికింది. మిగిలినవాళ్లలో వేలమంది బందీలుగానే కన్నుమూశారు.

ఒక కిరీటం కూడా ఆయన ముంగిట్లోకి వచ్చింది. అల్బేనియా స్వాతంత్ర్యం కోసం ఆయన అంతగా పాటుపడ్డాడు గనక, మాకు రాజుగా ఉండమని అక్కడివాళ్లు ఒకసారి కాదు, రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అది కుదరలేదు. జాన్ బకన్ 1916లో రాసిన 'గ్రీన్‌మాంటిల్' నవలలోని శాండీ ఆర్బుత్‌నాట్ పాత్రకు మూలం కూడా ఈయనే.

1923 నాటికి చూపు దాదాపు పోయింది. పళ్లన్నీ పీకించుకుంటే కళ్లు కనబడతాయని ఎవరో చెబితే నమ్మాడు. పళ్లలోని ఇన్ఫెక్షనే ఒంట్లోని ఎన్నో జబ్బులకు మూలమని అప్పటి వైద్యులు చాలామంది అనుకునేవారు. పళ్లు తీయించుకున్నాక సెప్టిక్ అయి సెప్టెంబరులో చనిపోయాడు, 43 ఏళ్లకే. అదే ఏడు ఏప్రిల్‌లో సవతి అన్న కైరోలో దోమకాటు పుండు సెప్టికై పోయాడు. జనం ఈ రెండు చావులనూ టుటన్‌ఖామన్ సమాధి తెరిచినందుకు తగిలిన ఫారో శాపం ఖాతాలో వేశారు. ఇలాంటి ఇన్ఫెక్షన్లకు మందైన పెనిసిలిన్ కనిపెట్టడానికి అప్పటికింకా ఐదేళ్లుంది.