అతిథులు వచ్చిన వేళ రొయ్యల కచ్చంబరు



ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పకుండా అతిథులు వస్తే ఏం జరుగుతుంది? అయ్యలు ముందు గదిలో కూర్చుంటారు, అమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. చివరి ప్రార్థనకు కూడా రాలేదు. మార్తను గూర్చి ప్రసంగించిన మేమే మా ఇంట ఒక మార్తను చేశాము.

అందుకే త్వరగా అయ్యే వంటకం నేర్చుకున్నాము. మన నల్గొండకు సముద్రం దూరమే. అయినా నాగార్జునసాగర్‌లో మంచినీటి రొయ్యలున్నాయి. నిమ్మకాయలకు నకిరేకల్ ఉండనే ఉంది.

వాసన లేని తాజా రొయ్యలు అరకిలో తీసుకోండి. పొట్టు తీసి, వీపు మీది నల్లని నరం లాగి కడగండి. ఉప్పు, పసుపు వేసిన మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచండి. ఎర్రబడి వంకర తిరిగితే చాలు, ఇంకా ఉడికితే రబ్బరులా సాగుతాయి. చల్లార్చి సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కీర, టమాట, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియాల పొడి కలపండి. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే వేయాలి, లేకుంటే నీరు ఊరుతుంది. రొయ్యలు పడనివారుంటారు, అడిగి వడ్డించండి.

లేవీయకాండము 11వ అధ్యాయము చూపి రొయ్యలు తినవచ్చునా అని కొందరు అడుగుతారు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము చదవండి. ఆ దర్శనము చూచిన పేతురు అన్యులు పంపిన మనుష్యులను లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చాడు. అసలు సంగతి పళ్లెములో లేదు, తెరచిన తలుపులో ఉన్నది.

మొన్న అతిథులు వచ్చినప్పుడు అరగంటలో వంట ముగిసింది. అమ్మగారు అందరితో కూర్చొని తిన్నారు. చివరి ప్రార్థన ఆమెయే చేశారు.