ఇంటి రిపేరు: ఎక్కడ చెయ్యి పెట్టాలి? ఎక్కడ ఆగాలి?

రోహిణి కార్తె ఎండలు ముదిరాయంటే ఇంటి కప్పు వంక ఒకసారి చూడాలి. ఆ తరువాత వచ్చేది మృగశిర. జూన్ మొదటి వారం దాటితే ఏ రోజైనా వాన పడొచ్చు. వాన మొదలయ్యాక కప్పు ఎక్కడం కష్టం. అప్పుడు మేస్త్రులు కూడా సులువుగా దొరకరు. ఊళ్లో అందరి ఇళ్లూ ఒకేసారి కారతాయి మరి!

అందుకే చాలామంది చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకుంటారు. మంచిదే. కూలి మిగులుతుంది. పని కోసం ఎదురుచూడక్కర లేదు. కాని అన్ని పనులూ ఒకటి కావు. ఒక పని చెడితే పోయేది రబ్బరు ముక్క. ఇంకో పని చెడితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది. మరో పని చెడితే మనిషే పోతాడు. ఏ పని ఎలాంటిదో ముందే తెలుసుకుని దిగాలి.

చుక్క చుక్క నీరు

కుళాయి కట్టినా చుక్కలు పడుతుంటాయి. చుక్కే కదా అని వదిలేస్తారు. ఒక రాత్రి దాని కింద బకెట్ పెట్టి చూడండి. తెల్లారేసరికి 15 లీటర్ల బకెట్ నిండిందనుకోండి. నెలకు 450 లీటర్లు ఊరికే పోయినట్టే. మోటారు వేసి ఎక్కించిన నీళ్లయితే కరెంటు ఖర్చు కూడా పోయినట్టే.

పాత రకం ఇత్తడి కుళాయిలో చిన్న రబ్బరు వాషరు ఉంటుంది. అది అరిగితే చుక్కలు పడతాయి. ఈ వాషరు మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ముందు ట్యాంకు నుంచి వచ్చే నీటిని ఆపాలి. ఇది మరిచిపోయి కుళాయి విప్పితే ట్యాంకు నీళ్లన్నీ ముఖం మీదికి వస్తాయి. నీళ్లు కట్టాక కుళాయి తెరిచి, పైపులో మిగిలిన నీరు వదిలేయాలి. తరువాత పానాతో కుళాయి పైభాగం తిప్పితే ఊడి వస్తుంది. అడుగున పాత వాషరు కనబడుతుంది. దాన్ని తీసుకుని కొట్టుకు వెళ్లి అదే సైజుది తేవాలి. కళ్లతో చూసి అంచనా వేసి తెస్తే రెండోసారి తిరగాల్సి వస్తుంది. ఇప్పుడు వచ్చే కొత్త కుళాయిలు సగం కూడా తిప్పకుండానే తెరుచుకుంటాయి. వాటిలో చాలావాటికి వాషరు ఉండదు. లోపలి భాగం మొత్తం మార్చాలి. అది కూడా కొట్లో దొరుకుతుంది.

ఈ పనిలో చిక్కు ఒక్కటే. బిగించేటప్పుడు బలం చూపిస్తారు. గోడలో ఉన్నది ప్లాస్టిక్ పైపు అయితే అది లోపలే చిట్లుతుంది. కుళాయి బాగానే ఉంటుంది. నాలుగు రోజులకు గోడ చెమ్మెక్కుతుంది. అప్పుడు గోడ కొట్టాలి, పైపు మార్చాలి, మళ్లీ సిమెంటు పూయాలి. రబ్బరు ముక్కతో పోయే పని కాస్తా అంతవరకు వస్తుంది. మరలకు తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, నీరు ఆగేదాకా బిగిస్తే చాలు. పానా వేసి కుళాయిని తిప్పేటప్పుడు రెండో చేత్తో పైపును కదలకుండా పట్టుకోవాలి.

కారేది ఒక చోట, కన్నం ఇంకో చోట

డాబా ఇళ్లలో ఎక్కువ మంది చేసే తప్పు ఇది. స్లాబు కింద తడి మరక కనబడుతుంది. వెంటనే స్టూలు ఎక్కి, అక్కడ సిమెంటు పూస్తారు. రెండు వానలకు ఆ సిమెంటు ఊడి పడుతుంది. నీళ్లు పైనుంచి వస్తుంటే కింద పూస్తే ఎలా ఆగుతాయి? పైగా నీరు దిగిన చోటే కారాలని లేదు. పగులు వెంట పాకి, నాలుగైదు అడుగుల అవతల బయటపడొచ్చు.

చూడాల్సింది డాబా పైన. ముందు తూము చూడాలి. ఆకులు, చెత్త పడి తూము మూసుకుంటే నీళ్లు డాబా మీదే నిలుస్తాయి. చాలా ఇళ్లలో తూము శుభ్రం చేయగానే సగం కారుడు తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. తరువాత వాన వెలిసిన మర్నాడు ఎక్కి, నీరు ఇంకా నిలిచి ఉన్న చోట్లు సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. అవి పల్లం ఉన్న చోట్లు. పిట్టగోడ, స్లాబు కలిసే మూల కూడా చూడాలి. అక్కడ సన్నటి బీట ఉంటే నీరు దిగుతుంది. గోడలో రావి మొక్క మొలిస్తే పైపైన తుంచితే లాభం లేదు. వేరు ఉన్నంతకాలం మళ్లీ చిగురిస్తుంది. వేరు లావయ్యే కొద్దీ గోడను చీలుస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీయాలి.

సన్నటి పగులైతే సొంతంగా పూడ్చుకోవచ్చు. పగులు అంచులు ఉలితో కొద్దిగా వెడల్పు చేయాలి. దుమ్ము అంతా ఊదేయాలి. నీళ్లు చల్లి తడపాలి. ఆ తరువాతే సిమెంటు కూరాలి. దుమ్ము మీద పూసిన సిమెంటు పట్టుకోదు. పూశాక కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి. చాలామంది మొదటి రోజు తడిపి ఊరుకుంటారు. మే నెల ఎండకు ఆ సిమెంటు నెర్రెలిచ్చి, కొత్త పగులు వస్తుంది.

పాతకాలం మిద్దెల సంగతి వేరు. వాటిని సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లతో గచ్చు చేసి కట్టారు. సున్నపు గోడ చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద మందంగా సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. కొన్నాళ్లకు పూత పెచ్చులుగా రాలుతుంది. పాత గోడకు సున్నమే మేలు.

ఇక స్లాబు అడుగున పెచ్చులు ఊడి, లోపలి ఇనుప ఊచలు కనబడుతుంటే అది సొంతంగా చేసే పని కాదు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. పైన సిమెంటు పూస్తే తుప్పు కంటికి కనబడదు, అంతే. లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆ కింద మంచం వేయకూడదు. తెలిసిన ఇంజనీరుకు గాని, అనుభవం ఉన్న మేస్త్రికి గాని చూపించాలి.

సిమెంటు బస్తా మీద ఏముంది?

బస్తా కొనేముందు దాని మీద అక్షరాలు చదవాలి. 50 కిలోలు అని ఉంటుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటుంది. ఏ వారం, ఏ నెల, ఏ సంవత్సరం నింపారో కూడా ఉంటుంది. నింపి 3 నెలలు దాటితే సిమెంటు బలం తగ్గుతూ వస్తుంది. గడ్డలు కట్టి, చేత్తో నలిపితే పొడి కాని సిమెంటు పనికిరాదు. కొట్టువాడు తగ్గించి ఇస్తానన్నా వద్దు.

కలిపేటప్పుడు కొంచెం కొంచెం కలపాలి. అరగంట దాటితే బిగుసుకోవడం మొదలు కావొచ్చు. బిగుసుకున్నదానిలో మళ్లీ నీళ్లు పోసి వాడితే నిలవదు. సిమెంటు చేతులను కాలుస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకోవాలి. సున్నం నానబెట్టేటప్పుడు అది ఉడుకుతుంది, చిందుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచాలి. కంట్లో పడితే నలపకూడదు. వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

గూన పెంకు, సిమెంటు రేకు

గూన పెంకుల ఇంటికి పెద్ద శత్రువు కోతి. ఒక్క మంద వచ్చి గెంతి వెళ్తే ఏటా సర్దిన పెంకులన్నీ జరిగిపోతాయి. జరిగిన పెంకు సర్దడం, పగిలినది మార్చడం తెలిసిన పనే. కాని పైకి ఎక్కే ముందు లోపలినుంచి వాసాలు చూడాలి. చెదలు పట్టిన వాసం మనిషి బరువు ఆపదు. కర్రతో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది.

నిచ్చెన మరీ నిటారుగా వేస్తే వెనక్కి పడుతుంది. మరీ వాల్చి వేస్తే జారుతుంది. ఎత్తు 16 అడుగులైతే, నిచ్చెన కాళ్లు గోడకు 4 అడుగుల దూరంలో ఉండాలి. కింద ఒకరు పట్టుకోవాలి. ఒంటరిగా ఎక్కడం, వాన తడిలో ఎక్కడం వద్దు.

సిమెంటు రేకులు ఇంకా ప్రమాదం. చూడటానికి గట్టిగా ఉంటాయి. ఎండకు ఎండి వానకు తడిసి పెళుసెక్కుతాయి. వాటి మీద అడుగు వేస్తే పగిలి, మనిషి నేరుగా కింద పడతాడు. తప్పనిసరి అయితే కింద దూలాలున్న చోట అడ్డంగా పొడవాటి చెక్క వేసి, దాని మీదే నడవాలి. రేకును రంపంతో కోసినా, కన్నం పెట్టినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది కాబట్టే ఈ జాగ్రత్త.

మట్టి గోడలకు వానాకాలమే పరీక్ష. గోడ అడుగున చిమ్మిన నీటికి మట్టి కరిగిపోతుంది. ఎండాకాలంలోనే అడుగు భాగం మెత్తి, చూరు నీళ్లు దూరంగా పడేలా చూసుకోవాలి. నాలుగు రోజులు ముసురు పట్టాక గోడ ఉబ్బినట్టున్నా, ఒక పక్కకు ఒరిగినా, కప్పుకూ గోడకూ మధ్య కొత్తగా సందు వచ్చినా అప్పుడు మెత్తే పని పెట్టుకోవద్దు. పిల్లల్ని తీసుకుని బయటికి రావాలి. నానిన గోడలు రాత్రిపూట నిద్రలో కూలి, ఇంటిల్లిపాదీ పోయిన సంగతులు ప్రతి వానాకాలం వినబడతాయి.

తలుపు సంగతి చిన్నది. వానాకాలంలో చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది. తలుపు పడదు. వెంటనే చిత్రిక పట్టిస్తారు. ఎండాకాలం రాగానే చెక్క ముడుచుకుని, ఆ సందులోంచి పిల్లి కూడా దూరుతుంది! రాసుకునే అంచుకు కొవ్వొత్తి రుద్ది, వానలు పోయేదాకా ఓపిక పడితే సరి.

కరెంటు దగ్గర ధైర్యం పనికిరాదు

ఇంట్లో వచ్చే కరెంటు 230 వోల్టులు. తడి చేతితో తాకితే ప్రాణం పోవడానికి అది చాలు.

ఫీజు పోతే కొందరు దొరికిన రాగి తీగ లావుగా చుట్టి పెడతారు. "ఇక ఎప్పుడూ పోదు" అంటారు. పోదు నిజమే. అదే ప్రమాదం! ఫీజు తీగ సన్నగా ఉండేది కావాలనే. కరెంటు హద్దు మీరితే ముందుగా అది కరిగి, దారి తెగుతుంది. ఇల్లు బతుకుతుంది. లావు తీగ వేస్తే అది కరగదు. గోడలోని వైర్లు వేడెక్కి అంటుకుంటాయి. ఫీజు మాటిమాటికీ పోతోందంటే తప్పు ఫీజుది కాదు. ఎక్కడో వైరు దెబ్బ తింది, లేదా మోటారు, హీటరు లాంటివి ఒకేసారి ఎక్కువగా నడుస్తున్నాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఫీజు బదులు దానంతటదే పడిపోయే మీట ఉంటుంది. అది పడిపోతుంటే దాన్ని కర్రపుల్లతో ఆపి పెట్టడం కూడా ఇలాంటిదే.

బల్బు మార్చడానికైనా స్విచ్చి ఒక్కటి కడితే చాలదు. వైర్లు తారుమారుగా కలిపి ఉంటే, స్విచ్చి కట్టినా హోల్డరులో కరెంటు ఉంటుంది. మెయిన్ కట్టాలి. మెయిన్ కట్టినా స్తంభం నుంచి మీటరు దాకా, మీటరు నుంచి మెయిన్ దాకా వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. దాని జోలికి పోవద్దు. అది లైన్‌మ్యాన్ పని. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, మెయిన్ కట్టినా కొన్ని వైర్లలో కరెంటు వస్తుంది. దాన్ని కూడా కట్టాలి.

దండెం గురించి ఒక మాట. బట్టలు ఆరేయడానికి ఇనుప తీగ కడతారు. ఒక కొస ఇంటి చూరుకు, ఇంకో కొస స్తంభానికో రేకుకో కడతారు. గాలికి సర్వీసు వైరు రాసుకుని, దాని తొడుగు చిరిగితే ఆ కరెంటు దండెంలోకి వస్తుంది. తడి బట్టలు వేయబోయిన ఆడవాళ్లు అలాగే పోతారు. రక్షించబోయినవాళ్లూ పోతారు. ఇనుప తీగ తీసేసి నైలాను తాడు కడితే సరిపోతుంది. ఇది ఈ రోజే చేయొచ్చు. ఎవరికైనా షాకు తగిలితే వాళ్లను చేత్తో లాగకూడదు. ముందు మెయిన్ కట్టాలి. అది వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో వైరును పక్కకు నెట్టాలి.

సెప్టిక్ ట్యాంకు

ఇందులోకి ఎవ్వరూ దిగకూడదు. ఇంటివాళ్లూ దిగకూడదు, కూలివాళ్లనూ దించకూడదు. లోపల విషవాయువు ఉంటుంది. దిగినవాడు క్షణాల్లో పడిపోతాడు. పిలిస్తే పలకడం లేదని తమ్ముడు దిగుతాడు, తరువాత తండ్రి దిగుతాడు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం ఇందుకే. మూత తీసి అగ్గిపుల్ల గీసి చూడటం కూడా వద్దు, మంట లేస్తుంది. రక్షణ సామాను లేకుండా మనిషిని దించడం 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. పైపుతో పీల్చే బండిని పిలిపించాలి.

మేస్త్రిని పిలిచినప్పుడు

పని తెలిసినవాళ్లకు మేస్త్రితో మాట్లాడటం సులువు. పాడైన భాగం చూపించమని అడగొచ్చు. మార్చిన పాత సామాను ఇచ్చి వెళ్లమనొచ్చు. కూలి ఎంత, సామాను ఎవరిది, ఎన్ని రోజుల పని అన్నది ముందే కాగితం మీద రాసుకుంటే తరువాత మాట తేడా రాదు. డాబా పగుళ్లు పూడ్చినందుకు మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వనక్కర లేదు. కొంత ఆపి ఉంచాలి. పూసినది 7 రోజులు తడిపాక, తూముకు గుడ్డ కుక్కి, డాబా మీద అంగుళం లోతు నీళ్లు నిలపాలి. ఒక రోజు ఆగి లోపల కప్పు చూడాలి. ఎక్కడా చెమ్మ కనబడకపోతే, గుడ్డ తీసి నీళ్లు వదిలేసి, మిగిలిన డబ్బు ఇచ్చేయొచ్చు.